హ్యాండ్‌పంపా, ట్యాపా? ఇంగ్లండ్ పబ్బులో ఏల్ ఎంచుకోవడం ఎలా

చదువు కోసమో ఉద్యోగం కోసమో ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లు మొదటిసారి పబ్బుకి వెళ్తారు. బార్ మీద వరసగా నిలబెట్టిన పొడవాటి హ్యాండ్‌పంపు పిడుల్ని చూస్తారు. ఏం అడగాలో తేల్చుకోలేక చివరికి పేరు తెలిసిన లాగర్ బీరు ఒకటి తీసుకుని కూర్చుంటారు. లాగర్‌లో తప్పేమీ లేదు. కాకపోతే అది హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది, డల్లాస్‌లోనూ దొరుకుతుంది. ఆ పిడుల్లోంచి వచ్చే కాస్క్ ఏల్, అంటే పీపాలోనే పులిసే బీరు, మాత్రం బ్రిటన్ దాటితే దొరకడం చాలా కష్టం. అక్కడ ఏళ్ల తరబడి ఉండి కూడా దాన్ని ఒక్కసారైనా మంచి చోట రుచి చూడకుండా తిరిగొచ్చేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

మద్యం అలవాటు లేనివాళ్లని అలవాటు చేసుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎలాగూ ఒక గ్లాసు తీసుకునేవాళ్లు ఏది తీసుకోవాలి, ఎక్కడ, ఎంత అన్నదే ఇక్కడి సంగతి. ఈ ప్రశ్నలకి ఒక వరస ఉంది: ముందు పబ్బు, తర్వాత పిడి, ఆ తర్వాతే బ్రాండ్. చాలామంది బ్రాండ్ పేరుతో మొదలుపెట్టి, అది బాగా లేకపోతే ఏల్ అంటేనే ఇంత అనుకుని వదిలేస్తారు.

కాస్క్, కెగ్

పబ్బులో బీరు గ్లాసులోకి రెండు దారుల్లో వస్తుంది. కెగ్ బీరుని సాధారణంగా బీరు తయారయ్యే బ్రూవరీలోనే వడగట్టి, చాలావరకు పాశ్చరైజ్ కూడా చేసి, గ్యాస్ ఒత్తిడితో చల్లగా ట్యాపులోకి పంపిస్తారు. ఈ వారం తాగినా వచ్చే వారం తాగినా రుచి పెద్దగా మారదు. లాగర్లన్నీ దాదాపు ఇలా వచ్చేవే, గిన్నిస్ కూడా ఇలాగే వస్తుంది.

కాస్క్ ఏల్‌ని ఈస్ట్ బతికుండగానే పీపాలో నింపి పబ్బుకి పంపుతారు. సెల్లార్‌లో అది ఇంకోసారి పులిసి, తనకి కావలసిన గ్యాస్ తనే తయారు చేసుకుంటుంది. మనవాళ్లకి ఇది కొత్త కాదు. పొద్దున దించిన కల్లుకీ సాయంత్రం కల్లుకీ తేడా తెలిసినవాళ్లకి కాస్క్ ఏల్ స్వభావం వెంటనే అర్థమవుతుంది. పీపా తెరిచి గాలి తగిలాక మూడు రోజుల్లో అయిపోవాలి. ఆ తర్వాత మెల్లగా చప్పబడుతుంది, ఇంకా ఉంచితే పుల్లబడుతుంది.

ఎంపిక మొత్తం ఈ మూడు రోజుల లెక్క మీదే నిలబడి ఉంది. పబ్బుల్లో మామూలుగా వాడే పీపాని ఫర్కిన్ అంటారు. అందులో 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు (పింటు అర లీటరు పైచిలుకు) పడతాయి. ఒక్కో పిడికి మూడు రోజుల్లో 72 పింట్లు అమ్ముడుపోవాలన్నమాట. పది పిడులున్న ఖాళీ పబ్బులో అది జరిగే పని కాదు. మూడే పిడులున్నా సాయంత్రానికి నిలబడే చోటు లేని పబ్బులో జరుగుతుంది. అందుకని పిడుల సంఖ్య చూసి మురిసిపోవద్దు, జనాన్ని చూడండి. వాళ్ల చేతుల్లో ఏముందో కూడా చూడండి. అందరూ లాగర్ తాగుతుంటే మీరూ ఆ పూటకి ట్యాపు బీరే తీసుకోండి.

ఏల్ వెచ్చగా ఉంటుందన్న మాట మీరు వినే ఉంటారు. అది 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన లాగర్‌తో పోలిస్తే వెచ్చగానే అనిపిస్తుంది గానీ నిజానికి బాగా చల్లటి కుండ నీళ్లలాగే ఉంటుంది. మరీ చల్లబరిస్తే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచి, హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పూలు) వాసన రెండూ నాలుకకి అందవు. గది వేడికి వచ్చేసిన ఏల్ ఇచ్చారంటే అది ఆ పబ్బు నిర్లక్ష్యమే తప్ప సంప్రదాయం కాదు.

పోసేటప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. బార్‌లో ఉన్న మనిషి గ్లాసుని పంపు ముక్కుకి ఆనించి పిడిని నిదానంగా, ఒకే ఒత్తిడితో తన వైపు లాగుతారు. ఆ బిగువు భుజంలో కనిపిస్తుంది. రెండు మూడు లాగుల్లో పింటు నిండుతుంది. లోపల గోధుమరంగు మసక కింద నుంచి తేటపడుతూ పైకి వస్తుంది, నురగ పైకి చేరి గట్టిపడుతుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో పంపు ముక్కుకి స్పార్క్లర్ అనే చిల్లుల బిళ్ల బిగిస్తారు. దానివల్ల నురగ వెన్నలా మందంగా వస్తుంది, ఏల్ మెత్తగా తగులుతుంది. దక్షిణాదిలో అది లేకుండా పోస్తారు కాబట్టి నురగ పలచగా ఉంటుంది, హాప్స్ చేదు సూటిగా తెలుస్తుంది. ఎవరి పద్ధతి గొప్పదన్న దాని మీద రెండు వైపులా పట్టుదల ఉంది. యార్క్‌షైర్ ఏల్‌కి స్పార్క్లర్ ఉండాలనీ లండన్ ఏల్‌కి వద్దనీ నా అభిప్రాయం. ఎక్కడి ఏల్‌ని అక్కడి పద్ధతిలో తాగడమే మేలు.

ఏ పబ్బు

1960ల్లో, 70ల్లో పెద్ద బ్రూవరీలు కాస్క్‌ని వదిలి కెగ్ వైపు వెళ్లిపోతుంటే, దాన్ని అడ్డుకోవడానికి 1971లో నలుగురు మిత్రులు మొదలుపెట్టిన ఉద్యమం కామ్రా (క్యాంపెయిన్ ఫర్ రియల్ ఏల్). ఈ రోజు మనకి కాస్క్ ఏల్ మిగిలిందంటే అందులో వాళ్ల పాత్ర చాలా ఉంది. 1974 నుంచి వాళ్లు గుడ్ బీర్ గైడ్ ప్రచురిస్తున్నారు. ఏ ఊరికి వెళ్లినా ముందు అందులో ఆ ఊరి పేజీ చూడటం అన్నిటికన్నా సులువైన దారి. స్థానిక సభ్యులే తాగి, చర్చించి పేర్లు ఎంపిక చేస్తారు.

పబ్బుల్లో కొన్ని బ్రూవరీలవీ పెద్ద కంపెనీలవీ. అవి తమ యజమాని చెప్పిన బీర్లే అమ్మాలి. ఫ్రీ హౌస్ అని రాసి ఉంటే ఎవరి దగ్గర కొనాలో ఆ పబ్బు వాళ్ల ఇష్టం. ఫ్రీ హౌస్‌లో రకాలు ఎక్కువ. అలాగని బ్రూవరీ పబ్బుని తక్కువగా చూడకండి. లూయిస్ పట్నంలో హార్వీస్ బ్రూవరీ దగ్గర్లోనే ఉన్న పబ్బులో హార్వీస్ బెస్ట్ తాగడం, అదే ఏల్‌ని మూడొందల కిలోమీటర్ల దూరంలో తాగడం ఒకటి కాదు.

సంభాషణ కోసం వెళ్లేవాళ్లకి మైక్రోపబ్బు చెప్తాను. 2005లో కెంట్‌లోని హెర్న్ గ్రామంలో, ఒకప్పటి మాంసం కొట్టులో మొదటిది తెరిచారు. చిన్న గది, పాటలుండవు, ఆట మెషీన్లుండవు, నాలుగైదు ఏల్స్. పక్కవాళ్లు మిమ్మల్ని పలకరిస్తారు, మీరూ పలకరించాలి. ఒంటరిగా వెళ్లినా అరగంటలో మాట కలుస్తుంది. శామ్యూల్ స్మిత్ అనే బ్రూవరీ పబ్బుల్లో కూడా సంగీతం ఉండదు, ఫోన్ వాడకూడదన్న నియమం కూడా ఉంది. లండన్ హై హోబర్న్‌లోని సిటీ ఆఫ్ యార్క్ వాళ్లదే. ఎత్తయిన పైకప్పు కింద చిన్న చిన్న చెక్క గదులు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి అంత బాగుండే చోట్లు ఆ నగరంలో ఎక్కువ లేవు. డబ్బు చూసుకోవాల్సిన విద్యార్థులకి ఊరూరా ఉండే వెదర్‌స్పూన్ పబ్బులు ఉన్నాయి. ధర తక్కువ, జనం ఎక్కువ, అందుకని పీపాలు కూడా త్వరగా ఖాళీ అవుతాయి. లండన్‌లో పింటు 6 పౌండ్లు దాటడం ఇప్పుడు మామూలే. ఉత్తరానికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

చరిత్ర కోసం వెళ్తే సదర్క్‌లోని జార్జ్ ఇన్‌కి వెళ్లండి. 1676 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టినది, వరండాల అంతస్తులతో లండన్‌లో మిగిలిన ఒకే ఒక్క గుర్రపుబండ్ల సత్రం, ఇప్పుడు చారిత్రక కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ ఆస్తి. కేంబ్రిడ్జ్‌లో ఈగిల్ ఉంది. 1953 ఫిబ్రవరి 28న క్రిక్, వాట్సన్‌లు డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టామని మధ్యాహ్న భోజనాల వేళ ప్రకటించింది అక్కడే.

ఇవన్నీ ఒక ఎత్తు, బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథ్విక్, వెస్ట్ బ్రామిచ్‌లలోని దేశీ పబ్బులు ఒక ఎత్తు. 1960ల్లో అక్కడి ఫౌండ్రీల్లో పనిచేసే పంజాబీలని కొన్ని పబ్బులు లోపలికే రానిచ్చేవి కాదు, రానిచ్చినా వేరే గదిలో కూర్చోబెట్టేవి. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథ్విక్ వచ్చి ఆ వివక్షని కళ్లారా చూశాడు. అదే ఏడాది బహిరంగ స్థలాల్లో జాతి వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చింది. తర్వాతి కాలంలో అవే ప్రాంతాల్లోని పబ్బుల్ని పంజాబీ కుటుంబాలు తీసుకుని నడపడం మొదలుపెట్టాయి. ఇప్పుడు అక్కడ ఒక చేతిలో పింటు, ముందు పొగలు కక్కే మిక్స్‌డ్ గ్రిల్. తెల్లవాళ్లూ మనవాళ్లూ ఒకే టేబుల్ దగ్గర ఫుట్‌బాల్ చూస్తారు. కుటుంబంతో వెళ్లాలన్నా, కారం లేకపోతే ముద్ద దిగదన్నా ఇంతకన్నా మంచి ఎంపిక లేదు. ఏల్ రకాలు తక్కువుంటే ఉండనివ్వండి.

ఏ రకం

లాగర్‌కి అలవాటు పడిన నాలుకకి గోల్డెన్ ఏల్ మంచి మెట్టు. లాగర్ తాగేవాళ్లని ఇటు తిప్పడానికే 1980ల్లో వచ్చిన రకం ఇది. సోమర్‌సెట్‌లో 1986లో మొదలైన ఎక్స్‌మూర్ గోల్డ్ తొలివాటిలో ఒకటి. లేత రంగు, తేలిక, కొంచెం నిమ్మ వాసన. దీన్ని ఇష్టపడటానికి ఎవరికీ శిక్షణ అక్కర్లేదు.

కానీ నన్నడిగితే ఇంగ్లండ్ ఆత్మ బెస్ట్ బిటర్‌లో ఉంది. పేరులో చేదు ఉందని భయపడకండి. రాగి రంగు, బిస్కెట్ లాంటి మాల్ట్ రుచితో మొదలై, కెంట్ హాప్స్ మట్టివాసన మీదుగా, చివర్లో నాలుకని పొడిగా వదిలే చేదుతో ముగుస్తుంది. ఆ పొడితనం వల్లే ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. బలం 4 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి గంటసేపు మాట్లాడుకుంటూ తాగొచ్చు. సస్సెక్స్‌లో హార్వీస్, లండన్‌లో ఫుల్లర్స్ లండన్ ప్రైడ్, యార్క్‌షైర్‌లో టిమోతీ టేలర్ లాండ్‌లార్డ్. మూడూ బిటర్లే అయినా ఒకదానికొకటి పోలిక ఉండదు. హార్వీస్‌లో మాల్ట్ గట్టిగా ఉంటుంది, ప్రైడ్ గుండ్రంగా కొంచెం తీపి వైపు వెళ్తుంది, లాండ్‌లార్డ్‌లో పూల వాసన, పండ్ల వాసన ముందుకొస్తాయి. ఒక్కటే ఎంచుకోవాలంటే నేను హార్వీస్ అంటాను. అయితే మీరున్న ఊరికి ఏది దగ్గరో అదే మీకు సరైనది.

మైల్డ్‌ని చాలామంది పట్టించుకోరు. 20వ శతాబ్దం మధ్య వరకు గనుల్లో, ఫౌండ్రీల్లో చెమటోడ్చినవాళ్లు పని దిగాక తాగింది ఇదే. సాధారణంగా ముదురు రంగు, చేదు తక్కువ, బలం 3.5 శాతం దగ్గర. చేదు పడనివాళ్లకీ, ఎక్కువసేపు కూర్చుని తక్కువ ఎక్కాలనుకునేవాళ్లకీ బిటర్ కన్నా మైల్డే మంచిది. బ్లాక్ కంట్రీ (బర్మింగ్‌హామ్‌కి పడమటనున్న పాత పరిశ్రమల ప్రాంతం) వైపు వెళ్తే బాతమ్స్ మైల్డ్ అడగండి. సెడ్జ్‌లీలోని సారా హ్యూస్ డార్క్ రూబీ కూడా మైల్డే గానీ 6 శాతం. పేరు చూసి మైల్డ్ కదా అని పింటు మీద పింటు తీసుకోకండి.

పోర్టర్, స్టౌట్‌లు అనే నల్లటి బీర్లు చలికాలానివి. వేయించిన మాల్ట్ వల్ల కాఫీ, చాక్లెట్ రుచులు వస్తాయి. ఫిల్టర్ కాఫీ ఇష్టమైనవాళ్లకి పోర్టర్ తప్పకుండా నచ్చుతుంది. థీక్‌స్టన్ ఓల్డ్ పెక్యులియర్ లాంటి 5.6 శాతం ఏల్స్‌ని సగం గ్లాసుతో సరిపెట్టడం మేలు.

పేరులో ఇండియా ఉందని మనవాళ్లు ముందు ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) మీదే పడతారు. 18వ శతాబ్దం చివర్లో లండన్ తూర్పున బో అనే చోట ఉన్న హాడ్జ్‌సన్ బ్రూవరీ పేల్ ఏల్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మన రేవులకి వచ్చేది. తాగింది ఇక్కడున్న ఇంగ్లిషు వాళ్లే. హాప్స్ దండిగా వెయ్యడం వల్ల నెలల తరబడి సముద్ర ప్రయాణాన్ని తట్టుకునేది. 1820ల్లో బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊరి బ్రూవరీలు ఈ వ్యాపారంలోకి దిగాయి. అక్కడి బావి నీళ్లలో జిప్సం ఎక్కువ, ఆ నీళ్లలో హాప్స్ చేదు శుభ్రంగా తేలుతుంది. చరిత్ర గొప్పదే. కానీ ఇప్పుడు ట్యాపుల్లో వచ్చే ఐపీఏల్లో ఎక్కువ భాగం అమెరికన్ హాప్స్‌తో, పండ్ల వాసనతో, 5 శాతం పైన బలంతో ఉంటాయి. మొదటి గ్లాసు అదైతే తర్వాత బిటర్ చప్పగా అనిపిస్తుంది. దాన్ని చివరికి ఉంచండి.

ఎటూ తేల్చుకోలేకపోతే రుచి చూపించమని అడగండి. కాస్క్ ఏల్స్‌కి చిన్న గుక్కెడు ఉచితంగా ఇవ్వడం చాలా పబ్బుల్లో మామూలే. రెండు అడగొచ్చు. జనం నిండి ఉన్నప్పుడు ఐదు అడిగితే బాగుండదు.

శాకాహారులు ఒక విషయం తెలుసుకోవాలి. ఏల్ తేటపడటానికి ఐసింగ్లాస్ వాడతారు. అది చేప ఈదడానికి సాయపడే గాలితిత్తి నుంచి తీసేది. మడ్డితో పాటు అడుక్కి దిగిపోయినా వాడారన్నది నిజం. పట్టింపు ఉన్నవాళ్లు అన్‌ఫైండ్ అని రాసిన ఏల్ అడగాలి. అది మసకగా ఉంటుంది, ఆ మసక లోపం కాదు. ఇప్పుడు చాలా చిన్న బ్రూవరీలు ఐసింగ్లాస్ మానేశాయి.

ఎంత, ఎవరి వంతు

పింటు అంటే 568 మిల్లీలీటర్లు. సగం తీసుకుంటే చిన్నతనం అనుకునే రోజులు పోయాయి. కొన్ని చోట్ల మూడో వంతు గ్లాసులు కూడా ఇస్తారు. మూడు రకాలు పోల్చి చూడటానికి అవే సరైనవి. 4 శాతం పింటులో దాదాపు 2.3 యూనిట్ల ఆల్కహాల్ ఉంటుంది. వారానికి 14 యూనిట్లు దాటవద్దని బ్రిటన్ వైద్యాధికారుల సలహా, అంటే ఆరు పింట్లు. కారు తాళం జేబులో ఉంటే ఒక్కటి కూడా వద్దు. తాగి నడిపి శిక్ష పడితే లైసెన్సుతో ఆగదు, వీసా దరఖాస్తులో కూడా చెప్పుకోవాలి.

పబ్బులో ఎక్కువ మోతాదు ఎక్కడ మొదలవుతుందంటే రౌండ్ల దగ్గర. మన దగ్గర బిల్లు వచ్చాక "ఉండన్నా, నేనిస్తా" అని గుంజుకుంటాం, లేదంటే అందరిలో పెద్దాయన మొత్తం కట్టేస్తాడు. ఇంగ్లండ్‌లో బార్ దగ్గర ఎప్పటిదప్పుడు కట్టాలి కాబట్టి ఆ పెనుగులాట ఉండదు. ఒకరు లేచి అందరికీ తెస్తారు, అది ఖాళీ అయ్యేసరికి ఇంకొకరు లేస్తారు. ఇందులో ఒక మర్యాద ఉంది: మూడు గ్లాసులు ఇతరుల డబ్బుతో తాగి మీ వంతు వచ్చేసరికి వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు గానీ మర్చిపోరు. ఒక ఇబ్బందీ ఉంది: ఆరుగురు కూర్చుంటే ఒక్కొక్కరికీ ఆరు పింట్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుందంటే, 1915లో ఒకరికొకరు మద్యం కొనిపెట్టడాన్నే చాలా ప్రాంతాల్లో నేరం చేసింది.

ముగ్గురు నలుగురైతే రౌండ్లలో ఉండండి. ఆఫీసు వాళ్లతో పెద్ద గుంపుగా వెళ్తే మొదట్లోనే "నాది నేను తెచ్చుకుంటాను" అని చెప్పేయండి, ఎవరూ తప్పుగా తీసుకోరు. మూడో దారి నాకు అన్నిటికన్నా ఇష్టం. మొదటి రౌండు మీరే కొనండి. తర్వాత సగం గ్లాసులకో, లైమ్ సోడాకో మారిపోండి. మద్యం ముట్టనివాళ్లకి కూడా ఇదే దారి. గ్లాసులో ఏముందని ఎవరూ అడగరు, మీ వంతు మాత్రం కొనండి.

బార్ దగ్గర క్యూ కనిపించకపోయినా వరస ఉంటుంది. ఎవరు ముందు వచ్చారో లోపలివాళ్లకి తెలుసు. చెయ్యి ఊపడం, చిటికెలు వెయ్యడం, కార్డు ఆడించడం చెయ్యకండి. మిమ్మల్ని పొరపాటున ముందు అడిగితే "ఆయన నాకన్నా ముందున్నారు" అని చూపించండి. ఆ ఒక్క మాటతో మీ గౌరవం పెరుగుతుంది. టిప్పు ఇవ్వాల్సిన పనిలేదు. బాగా చూసుకున్నారనిపిస్తే "మీకూ ఒకటి కలుపుకోండి" అనడం అక్కడి పద్ధతి. ఏల్ పుల్లగా, వెనిగర్ వాసనతో ఉంటే రెండో గుక్కకే తీసుకెళ్లి మెల్లగా చెప్పండి. మంచి పబ్బు వాదించకుండా మార్చి ఇస్తుంది. సగం తాగాక వెళ్తే మాత్రం బాగుండదు.

పబ్బుకి వెళ్లడానికి అన్నిటికన్నా మంచి వేళ ఏదంటే శనివారం రాత్రి మాత్రం కాదు. పీపా కొత్తగా తెరిచే వారాంతపు మొదటి సాయంత్రం ఏల్‌కి మంచిది. జనవరిలో అక్కడుంటే 17వ తేదీన సోమర్‌సెట్‌లోని కార్‌హ్యాంప్టన్‌కి వెళ్లే వీలుందేమో చూడండి. యాపిల్ చెట్టు కొమ్మలకి రొట్టె ముక్కలు తగిలించి, వేళ్ల దగ్గర సైడర్ (యాపిల్ రసం పులియబెట్టిన మద్యం) పోసి, తుపాకులు పేల్చి, పాట పాడి, వచ్చే ఏడు బాగా కాయమని చెట్టునే వేడుకుంటారు. వాసెయిల్ అంటారు దీన్ని. ఆ రోజుకి ఏల్‌ని పక్కన పెట్టి సైడర్ తాగాలి.

పబ్బుకి వెళ్లే వీలు లేనివాళ్లు సూపర్ మార్కెట్లో బాటిల్ కండిషన్డ్ అని రాసి ఉన్న సీసా వెతకండి. అందులోనూ ఈస్ట్ బతికే ఉంటుంది. సీసాని ఒక రోజు నిలబెట్టి ఉంచండి. తాగే ముందు అరగంట ఫ్రిజ్ బయట పెట్టి, ఆపకుండా ఒకే వంపుతో నెమ్మదిగా పోసి, అడుగున మడ్డి కదిలే ముందు ఆపేయండి.